రాణిగారు నిప్పుకి వచ్చిన రోజు

పడుకోవే చిట్టీ. అలా కళ్ళు తెరుచుకుని ఫ్యాను కేసి చూస్తూంటే నిద్ర ఎలా వస్తుంది? ఇందాక టీవీలో వాళ్ళు ఒకరి మీద ఒకరు అరుచుకోవడం విన్నావు కదూ. దేశం ఏమైపోతుందో అని మీ నాన్న అన్న మాట పట్టుకుని కూర్చున్నావు. ఇలా రా, నా పక్కకి. మా అమ్మమ్మ నాకు చెప్పిన కథ చెబుతాను. ఆవిడ చీరకి ఎప్పుడూ పొయ్యి పొగ వాసన ఉండేది. ఆ వాసన పీలుస్తూ వినేదాన్ని. ఇప్పటికీ ఎక్కడైనా పిడక కాలితే ఆవిడే వచ్చినట్టుంటుంది నాకు.

అనగనగా ఊరంత దేశం ఒకటి ఉండేదట. పొద్దున్నే నడక మొదలుపెడితే భోజనాల వేళకి ఆ చివర తేలతాం, అంత చిన్నది. దానికి గంగసాని అనే రాణి. వాళ్ళ నాన్న పోయాక కొత్తగా గద్దె ఎక్కింది, చిన్నపిల్ల.

అప్పట్లో అగ్గిపెట్టెలు లేవు. మా చిన్నప్పుడు కూడా పిడక పట్టుకుని పక్కింటికి నిప్పుకి వెళ్ళేవాళ్ళం. నిప్పుతో పాటు నాలుగు కబుర్లు కూడా తెచ్చుకునేవాళ్ళం లే. ఆ దేశంలో మాత్రం అందరూ కోటకే వెళ్ళాలి. కోట వాకిట్లో పెద్ద పొయ్యి ఉండేది. తెల్లారగానే రాజు వచ్చి దాని ముందు కూర్చోవాలి. వచ్చినవాళ్ళ పిడక మీద తన చేత్తో నిప్పు పెట్టాలి. పెట్టి, ఒక్క మాట అడగాలి, "ఇంట్లో అందరూ తిన్నారా?" అని. అదీ అక్కడి రాచరికం. ఎవరింట్లో జ్వరమో, ఎవరింట్లో గింజలు నిండుకున్నాయో రాజుకి ఆ పొయ్యి దగ్గరే తెలిసిపోయేది.

అప్పుడేమైందీ, ఆ యేడు వాన పట్టుకుంది. పట్టిన వాన వదల్లేదు. చేలు కుళ్ళిపోయాయి. ఆ తర్వాత పశువులకి గాలికుంటు జబ్బు వచ్చింది. ఆ తర్వాత కొండ అవతలి రాజు ఉప్పు బళ్ళు ఆపేశాడు. ఒకదాని మీద ఒకటి, ఊపిరాడకుండా.

పాపం గంగసాని భయపడిపోయింది. ఎలా గట్టెక్కాలో ఆలోచించాలని గది తలుపులు వేసుకుని మంత్రులతో కూర్చుంది. పొయ్యి దగ్గరికి రావడం మానేసింది. కోట తలుపులు మూసేశారు. అదీ ఆవిడ చేసిన తప్పు.

జనం ఏం తక్కువ తిన్నారా? రాణి ముఖం కనబడకపోయేసరికి దేశం పని అయిపోయిందన్నారు. ఎవరి నిప్పు వాళ్ళు బూడిదలో కప్పెట్టుకున్నారు. పక్కింటివాళ్ళు వచ్చి అడిగితే లేదు పొమ్మన్నారు. తెలిసిన వాళ్ళ ముఖాల మీదే తలుపులు వేశారమ్మా. నిప్పు దొరకని ఇళ్ళల్లో నానబెట్టిన బియ్యం నమిలి పడుకున్నారు.

ఒక్క ఆదెమ్మ మాత్రం రోజూ పిడక పట్టుకుని కోట తలుపు ముందు నిలబడేది. ముసలావిడ, ఒంటరిది. ఇంట్లో నిప్పు ఉంది, అయినా వెళ్ళేది. జనం నవ్వారు. నీకు మతి పోయిందా, ఆ తలుపు ఇంక తెరుచుకోదు అన్నారు. ఆదెమ్మ ఏమందంటే, తలుపు తీసేసరికి ఎవరూ లేకపోతే ఆ పిల్ల బెంగ పెట్టుకుంటుంది అంది.

అప్పుడు ఒకరోజు పొద్దున్న కోట పొయ్యి ఆరిపోయింది. చూసేవాళ్ళు లేక, జల్లు కొట్టి, చల్లగా ఆరిపోయింది. తాతల నాటి నుంచీ వెలుగుతున్న పొయ్యి. అది ఆరిందంటే రాణి లేనట్టే లెక్క. రేపటికల్లా ఎవరి దారి వాళ్ళదే, ఆ దేశం ఇంక ఉండదు.

మంత్రి మెల్లిగా ఒక ఉపాయం చెప్పాడు. కోటలో దాచి ఉంచిన చెకుముకి రాయి కొట్టి గుట్టుగా వెలిగించేద్దాం, ఎవరికీ తెలీదు అన్నాడు. గంగసాని ఒప్పుకోలేదు. లేచి, ఒక పిడక తీసుకుని, తలుపు తీయించి వానలోకి నడిచింది.

మొదటి ఇంటికి వెళ్ళింది. నిప్పు లేదని తలుపు వేశారు. రెండో ఇంటికి వెళ్ళింది. మీ పొయ్యే ఆరిపోతే మాకింకెవరు దిక్కని ఏడ్చారు. మూడోది ఆదెమ్మ గుడిసె. ఆదెమ్మ అప్పుడే కోటకి బయల్దేరుతోంది.

"అవ్వా, నా పొయ్యి ఆరిపోయింది. నేనే ఆర్పుకున్నాను. కాస్త నిప్పు పెడతావా?" అంది రాణి.

ఆదెమ్మ ఏమీ ఆశ్చర్యపోలేదు. లోపలికి తీసుకెళ్ళి బూడిద కదిలించింది. అడుగున ఎర్రగా కణకణలాడుతోంది.

"ఇది మీ నాన్న చేత్తో పెట్టిన నిప్పే తల్లీ. ఆరకుండా చూసుకుంటూ వచ్చాను," అంది. రాణి చేతిలోని పిడక మీద నిప్పు పెట్టింది. పెట్టి, ఆవిడ ముఖం కేసి చూసి, "నువ్వు తిన్నావా?" అని అడిగింది.

అంతే, గంగసాని పొయ్యి పక్కన చతికిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. గద్దె ఎక్కాక ఆ మాట తనని అడిగినవాళ్ళు లేరు మరి. ఆదెమ్మ ఇంత గంజి పోసింది. తాగేదాకా కదలనివ్వలేదు.

అప్పుడు రాణి నిప్పు పట్టుకుని బయటికొచ్చింది. జల్లు మీదికి కొడుతోంది. ఆదెమ్మ తాటాకు గొడుగు పట్టింది. అది చూసి రెండో ఇంటివాళ్ళు ఒక గొడుగు తెచ్చారు. మొదటి ఇంటాయన తల వంచుకుని చాప తెచ్చి పట్టాడు. కోట దగ్గరికి వచ్చేసరికి ఊరంతా ఆ పిడక చుట్టూ ఉంది.

వాన ఆ రోజే ఆగిందా అంటావా? ఆగలేదు. అది ఆగినప్పుడే ఆగింది. కొన్ని పశువులు పోయాయి కూడా. ఉప్పు లేని కూర చాలాకాలం తిన్నారు. కానీ మళ్ళీ తెల్లారగానే రాణి పొయ్యి ముందు కూర్చుంది, మళ్ళీ అందరూ పిడకలు పట్టుకొచ్చారు. ఒకరి కష్టం ఒకరికి తెలిసింది. తెలిశాక అందరూ కలిసి గట్టెక్కారు.

మన దేశంలోనూ తలుపు తెరుచుకుంటుందే చిట్టీ. నేను ఇంతకంటే గడ్డు రోజులు చూశాను. తెరుచుకునేదాకా మన నిప్పు మనం చూసుకోవాలి, అంతే.

ఏమిటే ఆ గొణుగుడు? గట్టిగా అను.

"అమ్మమ్మా, నువ్వు తిన్నావా?"

తిన్నానమ్మా. ఇప్పుడు నా కడుపు నిండిపోయింది. ఇంక కళ్ళు మూసుకో.

కథేమో వెళ్ళింది కంచికి,
నిప్పేమో చేరింది ఇంటికి,
నిద్రేమో రావాలి నీ కంటికి.