కొమ్ము లేని కాపలావాళ్ళు

మా లంక గ్రామంలో సూరన్నకున్న తెలివి ఇంకెవరికీ లేదు. ఈ మాట నేననలేదు బాబూ, సూరన్నే అన్నాడు. వాళ్ళావిడ వీరవేణి అవునంది. తమ్ముడు చిట్టబ్బాయి "అన్నయ్య తర్వాత నేనే" అన్నాడు. ముగ్గురూ ఒక మాట మీదున్నాక మనం కాదంటే బావుంటుందా?

వాళ్ళ బతుకంతా ఎనిమిది కొబ్బరిచెట్లు. ఒకరోజు కాయల దింపు తీయడానికి చెట్టెక్కిన లోవరాజు పైనుంచే లబోదిబోమన్నాడు.

"ఒరే సూరన్నా! కొమ్ము పురుగు పడిందిరా! చెట్టు నడినెత్తిన మొవ్వు తొలిచేస్తోంది. మొవ్వు పోతే చెట్టు పోయినట్టే. కొమ్మున్నదాన్ని తోటలో ఉండనివ్వకండి!"

అంతే. తోటలో కొమ్మున్నదెవరా అని చూస్తే పాలిచ్చే గేదె కనిపించింది. "దీనికి రెండున్నాయండీ!" అని వీరవేణి గుండె బాదుకుంది. పలుపు విప్పి, దణ్ణం పెట్టి, ఏటి అవతలికి తోలేశారు. మర్నాటి నుంచి కాఫీలో పాల్లేవు. చెట్ల కోసం ఆమాత్రం ఓర్చుకోలేమా అనుకున్నారు.

తర్వాత చిట్టబ్బాయికి అసలు పురుగే దొరికింది. బొటనవేలంత ఉంది, నల్లగా నిగనిగలాడుతోంది, నెత్తిన కొమ్ము. పట్టకారుతో ఆ కొమ్ము పుటుక్కున విరిచి, "ఇక నువ్వు మామూలు పురుగువే, పో నాయనా" అని అదే చెట్టు మీద వదిలాడు. సూరన్న తమ్ముణ్ణి కౌగిలించుకున్నాడు.

ఇంకేముంది, ధైర్యం వచ్చేసింది. చెట్లకి ఎరువేద్దామని పెంటకుప్ప తిరగేస్తే, తెల్లగా బొద్దుగా చుట్టచుట్టుకుని బోలెడు పురుగులు! ఒక్కోదాన్నీ తిప్పి తిప్పి చూశారు. దేనికీ కొమ్ము లేదు.

"ఎంత బుద్ధిమంతులో!" అని వీరవేణి మురిసిపోయింది. ఎండ తగలకుండా గోనె కప్పింది. మేతకి పేడ కావాలి, గేదేమో ఏటి అవతలుంది. దాంతో ముగ్గురూ ఊరంతా తిరిగి పేడ అడుక్కొచ్చి మేపారు.

నాలుగు నెలలయ్యాక గోనె ఎత్తితే సగం పిల్లలు లేవు. వాటి చోట నల్లటి కొమ్ము పురుగులు! "అయ్యో, నా బిడ్డల్ని మింగేశాయి!" అని వీరవేణి గొల్లుమంది. ఆ పురుగులు చక్కగా రెక్కలు విప్పి చెట్ల మీదికి ఎగిరిపోయాయి.

సూరన్న కళ్ళు తుడుచుకున్నాడు. "మిగిలినవాళ్ళకి వాటి మీద పగ ఉంటుందే. వీళ్ళనే కాపలా పెడదాం."

అంతే. పేడా పురుగులూ తట్టలో సర్ది, నిచ్చెనేసుకుని, చెట్టెక్కి సరిగ్గా మొవ్వు పక్కనే కూర్చోబెట్టారు.

మళ్ళీ దింపుకొచ్చిన లోవరాజు ఆ తట్టలోకి తొంగిచూసి చెట్టు మీంచి పడబోయాడు.

"ఒరే వెర్రివాళ్ళల్లారా! ఇవి ఆ కొమ్ము పురుగు పిల్లలేరా! పెరిగితే వీటికీ కొమ్ములొస్తాయి! పెరిగి ఎగిరొచ్చినవి ఇప్పటికే నాలుగు చెట్లు తినేశాయి, కళ్ళు కనబడట్లేదా?"

కిందనుంచి సూరన్న పట్టకారు పైకెత్తి చూపించాడు.

"వస్తే కదా బాబాయ్! వచ్చిన రోజునే విరిచేస్తాం. పట్టకారుంది."

వీరవేణి పైకి చూసి చెయ్యూపింది. "బాబాయ్, ఎలాగూ పైనే ఉన్నావుగా, పిల్లలకి పేడ సరిపోతోందేమో కాస్త చూసి చెప్పు!"