పైడి పోగొట్టుకున్న భయం

అనగనగా తల్లీ, కొండ కింద ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో పైడితల్లి అని నీ అంత పిల్ల. అందరూ పైడీ అని పిలిచేవాళ్ళు.

దసరా వస్తే ఆ ఊళ్ళో పులివేషం కట్టేవారు. కట్టేది ఎవరనుకున్నావ్? బట్టలు కుట్టే గవర్రాజు. ఒంటి నిండా పసుపు రంగు, దాని మీద నల్ల చారలు, నెత్తిన అట్టతో చేసిన పులి తల, వెనకాల ఇంత పొడుగు తోక. డప్పు మోగిందంటే చాలు, పైడి వెళ్ళి బియ్యం డబ్బా వెనకాల దూరేది. కళ్ళు మూసుకునేది. మళ్ళీ వేళ్ళ సందులోంచి చూసేది. చూసి కెవ్వున అరిచేది. తీరా పులి వెళ్ళిపోయాక, "మళ్ళీ ఎప్పుడొస్తుందే?" అని అమ్మ ప్రాణం తీసేది.

జడుసుకునే పిల్లల్ని పులి చేతికిచ్చి మూడు చుట్లు తిప్పిస్తే జడుపు పోతుందని ఆ ఊరివాళ్ళకో నమ్మకం. ఒక దసరాకి అమ్మ కూడా పైడిని తీసుకెళ్ళి పులి చేతుల్లో పెట్టేసింది. అప్పుడు, అంత దగ్గర్నించి, అట్ట నోట్లోంచి లోపల గవర్రాజు మీసం కనబడింది. "నేనేనమ్మా, గట్టిగా పట్టుకో, పడిపోతావ్" అన్నాడు కూడాను.

అంతే. జడుపు పోయింది.

ఆ తర్వాత ఏడాది మళ్ళీ డప్పు మోగింది. పులి వచ్చింది. పిల్లలందరూ కేకలేస్తూ పరిగెత్తారు. పైడి మాత్రం గుమ్మంలోనే నిలబడింది. ఎంత చూసినా గవర్రాజే. వాళ్ళందరికీ ఎంతో బాగుంది, తనకేమో ఉప్పు లేని పప్పులా ఉంది. లోపలికెళ్ళి ఏడుపు మొదలెట్టింది.

"ఎందుకే ఏడుపు? భయమేసిందా?" అంది అమ్మ.

"వెయ్యలేదమ్మా. అందుకే."

అమ్మకి బుర్ర తిరిగింది. "భయం పోతే మంచిదేగదే పిచ్చిమొహమా. పోయినదాన్ని నేనెక్కణ్ణించి తేను?"

అప్పుడు పైడి డప్పు కొట్టే ఎర్రయ్య దగ్గరికెళ్ళింది. "తాతా, నా భయం నాక్కావాలి" అంది. ఎర్రయ్య తల గోక్కున్నాడు. "నా దగ్గర చప్పుడుంది గానీ భయం లేదమ్మా" అని చెవి పక్కనే నాలుగు వాయించాడు. చెవి గింగుర్లెత్తింది. భయం మాత్రం రాలేదు.

ఆ తర్వాత గవర్రాజు దగ్గరికే వెళ్ళింది. పాపం, ఆ పట్టపగలు ఎండలో ఆడీ ఆడీ, అరుగు మీద కూచుని మజ్జిగ తాగుతున్నాడు. పులి తల పక్కనే ఉంది.

"మావయ్యా, తిప్పినప్పుడు నా భయం నీ దగ్గరే ఉండిపోయింది. ఇచ్చెయ్."

"ఓసి నీ దుంప తెగ. నాకూ అదే ఇబ్బందిగా ఉంది. అందరూ పరిగెడుతుంటే నువ్వొక్కదానివీ అలా నిలబడి చూస్తున్నావా, నాకు కాళ్ళాడలేదు. ఒంటికి రంగు పూసుకున్న టైలర్ని అయిపోయాను."

"మరిప్పుడెలా?"

"నాకేం తెలుసే? ఇటు చూడు. నేనే కదా?"

"నువ్వే."

పులి తల తీసి నెత్తిన పెట్టుకున్నాడు. "ఇప్పుడో?"

"నువ్వే మావయ్యా."

అప్పుడు మెడ కింద తాడు ముడేసుకుని నిలబడ్డాడు. ఇంకేం మాట్లాడలేదు.

"మావయ్యా" అంది పైడి. పలకలేదు.

"మావయ్యా, నువ్వేగా?" పులి మెల్లిగా తల పక్కకి వంచింది.

పైడి ఒక అడుగు వెనక్కి వేసింది. పులి ఒక అడుగు ముందుకేసింది.

ఇంకెక్కడి పైడి. ఒకటే పరుగు. ఏడుస్తోందో నవ్వుతోందో దారిలో వాళ్ళకి తెలీలేదు. వెళ్ళి అమ్మ కుచ్చిళ్ళలో మొహం దాచేసుకుంది.

"ఏమైందే?"

"పులి."

"గవర్రాజు మావయ్యేగదే. నీకు తెలుసుగా?"

"తెలుసు."

"మరెందుకే భయం?"

పైడి ఆలోచించింది. "ఏమోనే అమ్మా" అంది. "ఉండు, మళ్ళీ వెళ్ళి చూసొస్తాను."

అదేం సరదానో నన్నడక్కు తల్లీ, నాకూ ఇప్పటిదాకా అంతుపట్టలేదు. కళ్ళు మూసుకో.

పులి తల అటకెక్కింది,
కథ కంచి బండెక్కింది,
నిద్దరొచ్చి నీ రెప్పలెక్కింది.