అట్ట ముక్క

గవర్రాజుకి పొద్దుట నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. కిటికీ దాకా వెళ్తాడు, వీధిలోకి చూస్తాడు, మళ్ళీ కంప్యూటర్ దగ్గరికొచ్చి అదే మాట మీద నొక్కుతాడు. నొక్కినప్పుడల్లా పాడే పిట్టకి బదులు చిరిగిపోయిన బుట్ట వస్తోంది. "పాత" అంటోంది లోపలి గొంతు. తెర మీద మాత్రం "పాట" అని ఇంతింత అక్షరాలతో ఉంది.

భీమిలిలో తిరువీధి మాస్టారి దగ్గర అతను కంప్యూటర్ ఆటలు తయారుచేయడం నేర్చుకుంటున్నాడు. మాస్టారు ఆ పనిలోనే తల నెరిసిన మనిషి. ఇప్పుడు చదువురాని పెద్దవాళ్ళ కోసం ఒక అక్షరాల ఆట శిష్యుడి చేత చేయిస్తున్నారు. పిట్ట అక్షరాలు ఏరుకొస్తుంది, అవి కలిసి ఒక మాటవుతాయి, మాట మీద నొక్కితే దాని బొమ్మ వచ్చి పలుకు వినపడుతుంది. అంతే ఆట.

కంప్యూటర్ని నడిపించే సరంజామా ఒక్కో చోట ఒక్కోటి. గవర్రాజు సొంత కంప్యూటర్లో ఉన్నది లినక్స్. దాని మీద ఆట నల్లేరు మీద బండిలా సాగేది. పేటలోని చదువు కేంద్రంలో ఉన్నది విండోస్; సరిచూసుకోడానికి అతను పొద్దుట నుంచి నొక్కుతున్న మాస్టారి కంప్యూటర్లోనూ అదే. మొదట్లో అక్కడ పిట్ట బాణంలా దూసుకుపోయి ఎవరికీ చిక్కేది కాదు. అది సరిచేశాడు. తర్వాత గుణింతాలు తలో దిక్కుకీ చెదిరిపోయి కనపడ్డాయి. అదీ సరిచేశాడు. ఇక అయిపోయిందనుకున్నాడు. ఇప్పుడు ఇది.

ఈ సంగతి బయటపడింది పైడమ్మ వల్ల. ఎండుచేపలు అమ్ముకునే ముసలావిడ, కేంద్రానికి అందరికంటే ముందొచ్చి కూర్చునే మనిషి. ఇంట్లో మనవరాలి వాచకం తీసి, "పాట" అన్న మాట మీద వేలు పెట్టి, "పాత" అని గట్టిగా చదివిందట. మనవరాలు పడీపడీ నవ్వింది. ఆ కింద "మాట"ని "మాత" అని చదివేసరికి ఇంటిల్లిపాదీ నవ్వారు. మర్నాడు, అంటే ఇవాళ తెల్లారుతూనే, ఆవిడ కేంద్రానికొచ్చి పలక బల్ల మీద పెట్టేసింది.

"నానేటి నవ్వులపాలవ్వడానికొచ్చేనా? ఆ పెట్టి తప్పు సెప్తే నాకెలాగ తెలుస్తాది? రేపొస్తాను. రేపూ అలాగే సెప్పిందంటే ఇంక నాకీ సదువొద్దు."

ఆ రేపు తెల్లారితే వచ్చేస్తుంది.

కారణమేమిటో గవర్రాజు కనిపెట్టాడు. కనిపెట్టాక మరీ మండిపోయాడు.

"తప్పు నాది కాదండీ మాస్టారూ. ఫైళ్ళ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాను కదా. చిన్న టీ రాస్తే త. పెద్ద టీ రాస్తే ట."

"చిన్న టీ, పెద్ద టీ ఏమిట్రా? టీ కొట్టు దగ్గర సంగతా?"

"నవ్వులాట కాదండీ. పాతకో ఫైలు, పాటకో ఫైలు. లినక్స్‌కి అవి రెండు పేర్లు. విండోస్‌కి చిన్న అక్షరమైనా పెద్ద అక్షరమైనా ఒకటే. రెండూ ఒకటే పేరనుకుని, కాపీ చేసేటప్పుడు పాట మీద తెచ్చి పాతని పెట్టేసింది. పాట పోయింది."

"మరేం చేద్దామంటావు?"

"కేంద్రంలో విండోస్ తీయించేసి లినక్స్ వేయిద్దాం."

"ఆ కంప్యూటర్ మనదా? పగలంతా చేపల సొసైటీ వాళ్ళు పని చేసుకునేది. పక్క ఊళ్ళో వాళ్ళకి ఎవరో మాక్ కంప్యూటర్ ఇచ్చారట. దాని సంగతో?"

"దానికీ మామూలుగా చిన్నా పెద్దా తేడా తెలీదండి."

"అదీ తీయించేద్దామా?"

గవర్రాజు గదిలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు. గోడ అడ్డమొస్తే వెనక్కి తిరిగాడు.

"పేర్లు మార్చమంటారు, అంతేగా? మాట ఎలా ఉందో పేరూ అలాగే ఉండేలా కట్టానండీ. ఆట అక్షరాలు చూసుకుని తనంతట తనే ఫైలు వెతుక్కుంటుంది. ఎక్కడా ఒక్క ముక్క ఎక్కువ లేదు. మీరే బాగుందన్నారు. అలాంటిదాన్ని చెవిటి మేళాల కోసం పాడుచేసుకోవాలా? నేను ట అన్నాను. అది త అనుకుంది. వినపడకపోవడం దాని తప్పా, నా తప్పా?"

వీధి వైపు కిటికీలోంచి సాయంకాలపు ఎండ వచ్చి తెర మీద పడుతోంది. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు.

"ఏమీ కనపడి చావడం లేదు. నూకరత్నం కొట్టుకెళ్ళి ఒక అట్ట పట్రా. కిటికీకి అడ్డం పెడదాం."

నూకరత్నం పళ్ళ కొట్టు ఎదురుగానే. ఆవిడకి చెవుడు. మనిషి నోటి వంక చూసి మాట పట్టుకుంటుంది. బేరమాడే నలుగురి మధ్యలోంచి గవర్రాజు ముందుకెళ్ళాడు.

"రత్నమ్మా, అట్ట ఉందా?"

"ఏటి?"

"అట్ట!"

"అత్తా? అత్త లేదు. గాజువాక ఎల్లింది, కూతురింటికి."

"అత్త కాదు! అట్ట! అట్ట కావాలి!"

"అదే, అత్త. మా అత్తతో నీకేటి పని?"

"నాక్కాదు, మాస్టారు తెమ్మన్నారు!"

నూకరత్నం చేతిలోని తక్కెడ దింపేసింది. "ఓలమ్మో! మా అత్తనా? మీ మాస్టారికా?"

బేరానికొచ్చినవాళ్ళు గొల్లుమన్నారు. గవర్రాజుకి చెవులు వేడెక్కాయి. నాలుక మడతపెట్టి, మెడ నరాలు పొంగేలా, "అట్ట! ట! ట!" అని అరిచాడు. ఆవిడ అతని నోటి వంకే చూస్తూ జాలిగా తలాడించింది. పెదవుల మీద ట అయినా త అయినా ఒకటే.

"అంత కోపమేటి బాబూ? రేపొచ్చేస్తాది లే."

అతను ఊపిరి తీసుకున్నాడు. చుట్టూ చూశాడు. యాపిల్ పండ్ల పెట్టె ఒకటి ఖాళీగా పడుంటే దాని మీద చెయ్యి వేశాడు.

"పళ్ళ పెట్టె," అన్నాడు మెల్లగా. "పెట్టె అట్ట. కిటికీకి అడ్డం పెట్టుకోడానికి."

"పెట్టె అట్టా! అలాగ సెప్పాలి గానీ!" పెట్టె మూత చర్రున చింపి చేతిలో పెట్టింది. "అత్తొచ్చేక మీ మాస్టారు అడిగేరని సెప్తాను లే."

గవర్రాజు తిరిగొచ్చి అట్టని కిటికీ ఊచల మధ్య దోపాడు. తెర మీద నీడ పడింది. మాస్టారు ఎలాగూ కిటికీలోంచి సగం విన్నారు. మిగతా సగం అతని చేత చెప్పించుకుని కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు.

నవ్వు ఆగాక అడిగారు.

"అయితే ముందు చెవులు బాగుచేసి, ఆ తర్వాతే అట్ట తెచ్చావన్నమాట."

"ఎవరివండీ?"

"నూకరత్నంవి."

గవర్రాజు కిటికీలోని అట్ట వంక తిరిగి చూశాడు. మాస్టారు టీ పెట్టుకోడానికి లోపలికెళ్ళిపోయారు.

అతను తన కంప్యూటర్ కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. పాట ఫైలు పేరు చివర "పాడేది" అని చేర్చాడు. ఇక ట ని త అనుకున్నా అది పాతతో కలవదు. తర్వాత మాట. దానికి ఏం చేర్చాలో వెంటనే తోచలేదు. తెర వంక చూస్తూ, గొంతు బయటికి రాకుండా, పెదవులు మాత్రం కదిపి చూసుకుంటున్నాడు.