ఎండ ఎరుగని ఊసరవెల్లి

అనగనగా అని మొదలయ్యే కాలంలోనే, ఏటి ఒడ్డున ఒక అద్దకాల ఊరు ఉండేది. అక్కడ పేరమ్మ అనే ముసలామె బట్టలకు రంగులద్దుకుని బతికేది. భర్త పోయాక ఆమెకు తోడు ఒక ఊసరవెల్లే. ఎప్పుడూ తొందరపడదని దానికి నిమ్మళం అని పేరు పెట్టింది. అది ఎప్పుడో గానీ నోరు విప్పి మాట్లాడేది కాదు. ఊసరవెల్లిని పెంచుకోవడమేమిటని ఊరంతా నవ్వింది. పేరమ్మ పట్టించుకోలేదు.

ఆ వానాకాలం నిమ్మళానికి జబ్బు చేసింది. తల పైకెత్తి, నోరు తెరిచి ఊపిరి పీల్చేది. పీల్చినప్పుడల్లా సన్నగా ఈల వేసినట్టు చప్పుడు. ముక్కు దగ్గర నురగ. పట్టపగలే కళ్లు మూసుకునేది. ఇక ఇది దక్కదేమోనని పేరమ్మ భయపడింది. దాన్ని బుట్టలో పెట్టుకుని బయలుదేరింది.

మొదట రాజుగారి ఏనుగుల వైద్యుడి దగ్గరకు వెళ్లింది. కొత్త మనిషిని చూడగానే నిమ్మళం భయంతో నోరు మూసుకుంది, ఒళ్లంతా పచ్చగా మార్చుకుంది.

"లేత ఆకులా నిగనిగలాడుతుంటే జబ్బంటావేమిటి?" అని ఆయన గుమ్మంలోంచే పంపేశాడు.

కొండ దాటి గుర్రాల వైద్యుడి దగ్గరకు వెళ్లింది. అక్కడా అంతే, మూత తీయగానే పచ్చదనం. "నాకు తెలియని జబ్బా? గుర్రాలకిచ్చే కషాయమే పట్టించు" అని ఆయన లోపలికి వెళ్లిపోయాడు. ఆ కషాయం వాసనకే నిమ్మళం ఇంకా నీరసించింది. పేరమ్మ కషాయాన్ని పారబోసింది.

మళ్లీ ఇంకో ఊరు, ఇంకో గుమ్మం. చెప్పే నాకే కాళ్లు లాగుతున్నాయి, నడిచిన ఆ ముసలామె సంగతి చెప్పాలా? మూడోవాడు పశువుల వైద్యుడు గవరయ్య. ఆయనా అప్పటిదాకా ఎద్దులతో వేగి, అలిసిపోయి అరుగు మీద కూలబడి ఉన్నాడు.

"ఊసరవెల్లికి వైద్యం నాకు రాదమ్మా" అన్నాడు.

పేరమ్మ బుట్ట ఎత్తుకుంది.

"రాదన్నాను గానీ పొమ్మన్నానా? కూర్చో."

ఇద్దరూ కూర్చున్నారు. పేరమ్మ బుట్ట మూత తీయగానే నిమ్మళం మళ్లీ పచ్చబడింది. గవరయ్య బుట్టవైపు వీపు తిప్పి చాలాసేపు ఊరికే ఉన్నాడు. ఎవరూ తనను చూడటం లేదని నమ్మకం కుదిరాక, నిమ్మళం పచ్చదనం వదిలేసి నోరు తెరిచింది. గవరయ్యకు ఈల వినిపించింది.

"రొమ్ములో నెమ్ము చేరినట్టుంది. దీన్ని ఎక్కడ ఉంచుతున్నావు?"

"తడిబట్టలు ఆరేసే సావిట్లో, బాబూ. ఎండ తగలనివ్వను. రంగు వెలిసిపోదూ?"

గవరయ్య ఆమెను తిట్టలేదు. "రంగు వెలిసేది బట్టకమ్మా. దీనికి ఎండ కావాలి" అన్నాడు. ప్రేమకొద్దీ తానే దాన్ని చెమ్మలో ఉంచానని తెలిసి పేరమ్మ కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

నిమ్మళాన్ని గవరయ్య పెరట్లోనే పొద్దుటి ఎండలో కొమ్మ మీద ఉంచారు. గవరయ్య ఈ వైద్యం తెలిసినవాళ్లను అడిగి వచ్చి, మందు చుక్కలు చుక్కలుగా నాలుక మీద వేశాడు. ఈల తగ్గడానికి చాలా రోజులు పట్టింది. ఒక ఉదయం ఆయన ఎదురుగా నిలబడినా నిమ్మళం పచ్చగా మారలేదు. తన మామూలు మట్టిరంగులోనే నిదానంగా ఊపిరి తీసుకుంది.

"ముందే ఇలా కనిపించి ఉంటే నేను ఇంత తిరిగేదాన్నా?" అంది పేరమ్మ.

"బాగున్నట్టు కనిపించీ కనిపించీ అలిసిపోయానమ్మా" అంది నిమ్మళం. "ఈయన దగ్గర ఆ అవసరం రాలేదు."

పిల్లలూ, అన్నీ తెలుసని గుమ్మంలోంచే పంపేసేవాడికంటే, తెలియదని చెప్పి పక్కన కూర్చునేవాడే మేలు చేస్తాడు.