పన్నెండు కాలేజీలకు మార్కులు

ఓబులేసు మాస్టారికి మూడు రోజులుగా అన్నం సయించడం లేదు. కూతురు చంద్రకళకి ఎంసెట్‌లో ర్యాంకు వచ్చింది. మరీ మంచిదైతే బాధ లేదు, మరీ చెడ్డదైతే ఆశ లేదు. ఆ పిల్లది సరిగ్గా నడిమధ్య ర్యాంకు. ఎల్లుండి సాయంత్రానికల్లా ఏ కాలేజీ ముందు, ఏది వెనక అని కంప్యూటర్లో వరస పెట్టెయ్యాలి. గడువు దాటితే మళ్ళీ మార్చడానికి లేదు.

పత్రికల్లోనూ నెట్‌లోనూ వెతికి, ఇంజనీరింగ్ కాలేజీల ర్యాంకుల జాబితాలు ఐదు పోగుచేశాడాయన. ఒకే కాలేజీ ఒకదాంట్లో నాలుగోది, ఇంకోదాంట్లో అరవై ఒకటోది. మూడోదాంట్లో దాని పేరే లేదు.

ఆ కాగితాల కట్ట పట్టుకుని గురువుగారి దగ్గరికి వెళ్ళాడు. సిద్ధయ్య స్వామి ఆశ్రమం నడుపుతూ, దాన్ని ఆనుకుని ఒక హైస్కూలు కూడా నడుపుతున్నాడు. అందులోనే ఓబులేసు పన్నెండేళ్ళుగా లెక్కలు చెబుతున్నాడు. స్వామి వరండాలో కూర్చుని, హాస్టలు పిల్లల చారు కోసం చింతపండులో గింజలు తీస్తున్నాడు.

"స్వామీ, ఇవి చూడండి. దేనికీ దేనికీ పొంతన లేదు. అంతా మోసం."

"మోసమైతే పారెయ్."

"పారేస్తే ఇంక దేన్ని చూసి పెట్టాలి? ఐదింటికీ కలిపి సరాసరి కూడా కట్టాను, దశాంశాలతో సహా."

"ఏమొచ్చింది?"

"తలనొప్పి వచ్చింది."

స్వామి నవ్వలేదు. "సరేలే. ముందు నాకో పని చేసిపెట్టు. ఆ బల్లమీద కవరుంది, పొద్దున పోస్టులో వచ్చింది. నా చేతులు చూశావుగా. నువ్వు నింపు, సంతకం నేను పెడతా."

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. ఓబులేసుకి ఒళ్ళు మండింది. కానీ గురువు మాట. కవరు విప్పాడు. పట్నంలో ఏదో పత్రికవాళ్ళు. 'విద్యారంగంలో పెద్దలైన మీరు ఈ కింది పన్నెండు ఇంజనీరింగ్ కాలేజీలకు పదికి ఎన్ని మార్కులు వేస్తారు?'

ఐదు నిమిషాల్లో నింపి పడేశాడు.

"చదువు," అన్నాడు స్వామి.

"మొదటిదానికి ఏడున్నర."

"చూశావా దాన్ని?"

"బస్సులో పోతుంటే కనపడుద్ది. గేటు బాగుంటుంది."

"ఏడు గేటుకనుకో. ఆ అర?"

"లోపల తోట ఉంది స్వామీ." ఓబులేసు గొంతు కాస్త తగ్గింది.

"ఐదోదానికి?"

"రెండు. పేరెప్పుడూ వినలేదు."

"నువ్వు వినకపోవడం వాళ్ళ తప్పా? సరే, తొమ్మిదోదానికి?"

"తొమ్మిదిన్నర. దానికెవరైనా వేస్తారు."

"వెళ్ళావా?"

"లేదు. పెద్ద పేరు కదా."

"ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పేదేముంది స్వామీ, ఇదిగో ఈ జాబితాలోనే..." అంటూ ఒళ్ళోని కట్టలోంచి రెండో కాగితం లాగి, వేలు పెట్టి చూపించబోయాడు.

వేలు కాగితం మీదే ఆగిపోయింది. జాబితా అడుగున అచ్చువేసినవాళ్ళ పేరుంది. కవరు మీదున్నదీ అదే పేరు.

కవరునీ జాబితానీ పక్కపక్కన పెట్టి మళ్ళీ చూశాడు.

"ఇట్లాంటి కవరు ఎంతమందికి పోయుంటుంది స్వామీ?"

"నీలాంటి పెద్దలందరికీ పోయుంటుంది."

ఓబులేసుకి కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. "నన్ను ఎగతాళి చెయ్యడానికేం, చేతకానివాణ్ణి. ఎల్లుండి గడువు. నా బిడ్డ నాలుగేళ్ళ బతుకు. ఎక్కడ వెయ్యాలో మీరైనా చెప్పండి."

స్వామి లేచి చేతులు కడుక్కున్నాడు. కాగితం తీసుకుని ఓబులేసు వేసిన పన్నెండు అంకెలూ నిదానంగా కొట్టేశాడు. ఆ చివర, అంచుకి ఆనుకుని సన్నటి గడులున్నాయి. వాటి పైన 'తెలియదు' అని ఉంది. ఓబులేసు వాటిని చూడనేలేదు. స్వామి ఒక్కొక్క గడిలో టిక్కు పెట్టుకుంటూ పన్నెండూ నింపి, కింద సంతకం చేశాడు.

"పొద్దున ఆరుంబావుకి మొదటి బస్సుంది," అన్నాడు. "అమ్మాయిని వెంటబెట్టుకుని ఆ కాలేజీలకి పో. అక్కడ చదివే పిల్లల్తో తననే మాట్లాడనియ్. నువ్వు మాత్రం నోరు తెరవకు."