గానుగ ఆగిన రోజు

అడవి అంచున కప్పు కూలిన గానుగ పాక ఒకటుంది. మృగశిర కార్తెలో తొలివాన పడ్డ మర్నాడు చుట్టుపక్కల పశువులన్నీ అక్కడ చేరి విడుదల పండగ చేసుకుంటాయి. వెనకటికి అదే రోజున గౌరన్న అనే గానుగెద్దు తిరుగుతూ తిరుగుతూ ఠక్కున నిలబడిపోయాడు. కర్ర విరిగేలా కొట్టినా అడుగు తియ్యలేదు. అతన్ని చూసి పక్క గానుగల ఎద్దులూ నిలబడ్డాయి. గౌరన్న ఆ దెబ్బలకే పోయాడు. మిగతావాళ్ళు కాళ్ళీడ్చుకుంటూ అడవిలోకి నడిచి వచ్చేశారు.

ఆ రోజు చూసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది చుక్కన్న ఒక్కడే. ఒళ్ళంతా నెరిసి, నుదుటి తెల్లచుక్క అందులో కలిసిపోయిన ముసలి ఎద్దు.

ఏటా పండగంటే అందరూ గానుగ చుట్టూ కాసేపు కదలకుండా నిలబడటమే. ఈ ఏడు పెత్తనం నక్క వీరాస్వామి చేతికొచ్చింది. ఎవరిచ్చారంటే ఎవరూ ఇవ్వలేదు, ఆయనే తీసుకున్నాడు.

“నిలబడితే ఏం పండగండీ, కునికిపాట్లు తప్ప! ఆనాటి కష్టం పిల్లలకి తెలియొద్దూ? గంతలు కట్టుకుని, కాడి ఎత్తుకుని, తలా వంద చుట్లు తిరగాలి. నేనూ గౌరన్నా పక్కపక్కన అలా తిరిగినవాళ్ళమే కదా!”

ఆ రోజు గానుగ దగ్గర నక్కని చూసిన గుర్తు చుక్కన్నకి లేదు. పండగపూట గొడవెందుకులే అని ఊరుకున్నాడు. ముసలాళ్ళు చేసే తప్పే అది.

ముందు చుక్కన్నకే కాడి కట్టారు. గంతల చీకట్లో అడుగులు వేస్తుంటే లోకం మెల్లగా కరిగిపోయింది. పాక లేదు, పశువుల అలికిడి లేదు. మోకాళ్ళ లోతు పచ్చిక, వాగు అవతలి ఒడ్డున నీళ్ళు తాగుతున్న గౌరన్న. “వచ్చావా చుక్కా!” అని తలెత్తాడు. వీపుమీద ఒక్క దెబ్బా లేదు. చుక్కన్నకి ఏడుపొచ్చేంత సంతోషమైంది. ఇలా తిరుగుతూనే ఉంటే ఎంత బావుణ్ణు అనుకున్నాడు.

“తాతా, నా వంతెప్పుడు? వీరాస్వామి మామ ఇకమీదట రోజూ పండగేనంటున్నాడు!” మనవరాలు తామర గెంతులేస్తోంది. కొమ్ములింకా మొలవని పెయ్య.

రోజూ అన్నమాట వినగానే కల చెదిరింది. అప్పుడు తగిలింది ముక్కుకి, నువ్వులనూనె వాసన. ఖాళీ గానుగ తేలిగ్గా తిరుగుతుంది, ఇదేమో మెడని లాగేస్తోంది. ఆ బరువు చుక్కన్నకి కొత్తదా! రోట్లో ఎవరో నువ్వులు పోశారు. రేపటినుంచి ఈ పసిమెడ దీని కిందే. గౌరన్న చచ్చింది ఇందుకా!

నిలబడిపోయాడు.

“ఏం పెద్దాయనా, ఆగావే?” అన్నాడు వీరాస్వామి.

“నీ ముందు నేను తిరగడమేంటి బావా, తప్పు కదూ! గౌరన్న పక్కన కాడి మోసినవాడివి. తొలి చుట్టు నీది. పిల్లలు కళ్ళారా చూసుకుంటారు.”

“నేనా? అబ్బే, నాకు నడుంనొప్పి...”

“మామే తిరగాలి! మామే తిరగాలి!” దూడలన్నీ అందుకున్నాయి.

అన్ని గొప్పలు చెప్పుకున్నాక కాదంటే పరువేం కాను? వీరాస్వామి మెడ వంచాడు. పండగ చూడ్డానికొచ్చిన కోతి ఒకటి, చుక్కన్న గంతలూ కాడీ విప్పి నక్కకి బిగించి ముడేసింది.

ఒక్క చుట్టుకే నక్క నాలుక బయటపడింది. గానుగ కిర్రుమంది, నూనె సన్నటి ధారగా కారింది. తామర ఆ ధార వెంట పోయి, అక్కడ కప్పి ఉన్న తాటాకులు ఎత్తి చూసింది. కింద వరసగా నాలుగు కుండలు.

“మామా, ఈ నూనె ఎవరికి?”

“అది... కీళ్ళనొప్పుల ఎలుగుబంటికి. బదులుగా తేనెపట్టు ఇస్తానంది... ముందు విప్పండర్రా, మెడ విరిగిపోతోంది!”

“అదేంటి బావా, రోజూ పండగేనన్నావుగా!” అన్నాడు చుక్కన్న.

పాకంతా ఘొల్లున నవ్వింది. ఇలాగే వదిలేద్దామంది కోతి.

“వద్దు. ఈ పాకలో కాడి కింద ఇంకెవరూ ఉండకూడదు. నక్కైనా సరే” అని చుక్కన్న తన పళ్ళతోనే ముడి లాగేశాడు. వీరాస్వామి కుండలవైపు ఒక్కసారి దిగులుగా చూసి, తోక ముడిచి పొదల్లోకి పోయాడు.

సన్నగా వాన మొదలైంది. అందరూ గానుగ చుట్టూ కదలకుండా నిలబడ్డారు. తాత పక్కనే తామర కూడా, కళ్ళు ఇంతింత చేసుకుని.

నీతి: విడుదలైన రోజును కళ్ళు తెరుచుకునే తలుచుకోవాలి.