మూడున్నర ఏనుగు

అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడం నరహరి మేష్టారి నోటికి అపథ్యం. ఆయన దగ్గర బొమ్మలు నేర్చుకోని ప్రాణులు రాజమండ్రిలో గోదావరి చేపలు మాత్రమే. వాటిలోనూ ఒకటి రెండు పులసల మీద నాకు అనుమానం ఉంది. అంతమందిలో ఒక్కరైనా "మేష్టారు నాకు ఫలానా సంగతి విడమరచి చెప్పారు" అనగా నేను వినలేదు. అడిగినవాడి చేతికి ఆయన ఏదో ఒక పని అప్పగించేవారు. ఆ పని ముగిసేసరికి ప్రశ్న ఎటు పోయిందో అడిగినవాడికే తెలిసేది కాదు.

కిరీటి అడిగిన ప్రశ్నకూ అంతే జరిగింది. అతను అడిగినప్పుడు నేను మేష్టారి మేడమీద వసారాలో పక్క కుర్చీలోనే ఉన్నాను. "కిర్రుచెప్పులు" అనే పిల్లల మాసపత్రికలో మేష్టారూ, ఆయన గురువు సోమరాజు గారూ బొమ్మల కథలు గీసిన రోజుల్లో వాటికి రంగులు వేసిన చెయ్యి నాది. ఏనుగు బూడిద రంగులో ఉంటుందని ఈ దేశానికి నేర్పినదాన్ని నేనే. పత్రిక మూతబడి ముప్పై ఏళ్ళయినా, ఆదివారం పూట మేష్టారి పాఠానికి వెళ్ళి అందరి బొమ్మల్లో తప్పులు పట్టడం మాత్రం నేను మూసెయ్యలేదు.

కిరీటి మేష్టారి శిష్యుల్లో ఆఖరివాడు. ముప్పై దాటినవాడు, పెళ్ళయినవాడు. వారమంతా ఇళ్ళ ప్లానులు గీసి ఆదివారం ఏనుగులు గీసేవాడు. అతనికి ఒక పిచ్చి ఉంది. పాత పత్రికల కోసం చిత్రకారులు చేత్తో గీసిన అసలు బొమ్మలు ఎక్కడున్నా వెతికి తెచ్చుకుంటాడు. మా రోజుల్లో అచ్చుకు బ్లాకు తయారయ్యాక ఆ అట్టల మొహం చూసినవాడు లేడు. అచ్చయిన పుస్తకమే బొమ్మ, గీసిన అట్ట దాని పొట్టు. వాటిని మేము కూజాల మీద మూతలుగా పెట్టాం, ఎండకు కిటికీ ఊచలకు కట్టాం. కిరీటి వాటినే బైండింగు దుకాణాల్లోంచీ, చిత్రకారుల మనవల అటకల మీంచీ ఏరి అరవై ఏడు పోగుచేశాడు. నేను ఎవరికైనా చెప్పినప్పుడు ఆరు వేలని చెబుతాను.

అందులో ఒకటి మిగతా అరవై ఆరింటి ఎత్తు. అది సోమరాజు గారు గీసిన పేజీ. పెళ్ళి ఊరేగింపు ఏనుగు విడిదింటి గుమ్మంలో ఇరుక్కుపోతుంది. అవతల పెళ్ళికొడుకు, ఇవతల పెళ్ళికూతురు, మధ్యలో ఏనుగు. సోమరాజు గారి చేతి అట్ట ఈ ప్రపంచం మొత్తానికి ఇదొక్కటే మిగిలిందని కిరీటి గర్వంగా చెప్పుకునేవాడు. నేను ఆ మాటను ఇంకో నాలుగు ప్రపంచాలకు పొడిగించాను.

ఆ అట్టను ఒళ్ళో పెట్టుకుని ఆ ఆదివారం అడిగాడు.

"మేష్టారూ, విజయవాడలో సేకరణదారుల సంఘంవాళ్ళు బొమ్మల ప్రదర్శన పెడుతున్నారు. హాల్లోకి రానివ్వాలంటే గ్రేడింగు చేయించి తీరాలట. బొంబాయి పంపితే అక్కడి గ్రేడింగు కంపెనీవాళ్ళు అట్టను పరీక్ష చేసి, పదికి ఇంత అని నంబరు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి సీలు వేస్తారు. పంపకపోతే సోమరాజు గారనే మనిషి ఒకడున్నాడని ఎవరికీ తెలియదు. పంపాక తక్కువ నంబరు వచ్చిందంటే, ఆయన పేరు పక్కనే అది ఎప్పటికీ ఉండిపోతుంది. పంపమంటారా, వద్దంటారా?"

"నీ భయం సోమరాజు గారి కోసమా, నీ కోసమా?" అన్నాను నేను.

"ఇద్దరి కోసమూ మామ్మగారూ. నా వాటా కొంచెం ఎక్కువ."

మేష్టారు లేచి లోపలికి వెళ్ళారు. బీరువాలో చాలాసేపు ఏవో జరిపిన చప్పుడైంది. తెల్ల గుడ్డలో చుట్టిన ఒక అట్ట తెచ్చి కిరీటి చేతిలో పెట్టారు.

"పంపు. దీన్నీ పంపు."

కిరీటి గుడ్డ విప్పాడు. నేను ఒక కళ్ళజోడు మీద ఇంకో కళ్ళజోడు పెట్టుకుని చూశాను. మా పత్రిక వాళ్ళు చిత్రకారులకు ఇచ్చే అట్టే అది. పైన "కిర్రుచెప్పులు" అని అచ్చు, కింద లేత నీలిరంగులో ఆరు గళ్ళు. గళ్ళలో ఏమీ లేదు.

"దీనిమీద బొమ్మ లేదండీ," అన్నాడు కిరీటి.

"లేదు."

"ఫారంలో చిత్రకారుడి పేరు రాయాలి. ఏం రాయమంటారు?"

"ఉన్నది రాయి."

కిరీటి నావైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. చివరికి ఫారంలో పేరు గడి దగ్గర "ఎవరూ లేరు" అని రాసి రెండు అట్టలూ బొంబాయి పంపించాడు.

రెండు నెలలకు పార్సిల్ తిరిగొచ్చింది. సోమరాజు గారి ఏనుగుకు పదికి మూడున్నర. పెట్టెతో పాటు లోపాల జాబితా ఒకటి పంపారు; పెళ్ళి సరుకుల జాబితా కూడా అంత పొడుగుండదు. టీ గ్లాసు మరక, చిరిగిన మూల, గుండుసూదుల చిల్లులు, ఊదారంగు వేలిముద్ర, తెల్లరంగు పగిలి కింది గీత బయటపడటం. మేష్టారి ఖాళీ అట్టకు తొమ్మిది పాయింట్ ఎనిమిది. ఆ మిగిలిన కాస్తా ఎందుకు తగ్గించారో నాకు ఇప్పటికీ తెలియదు. దేవుడు కూడా ఏదైనా పంపిస్తాడని ఆపి ఉంచుకున్నారేమో.

కిరీటి పది రోజులు పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఒక పూట అన్నం మానేశాడని మాత్రమే వాళ్ళావిడ అంటుంది. ఆ పిల్లకు మాట పెంచడం చేతకాదు.

ప్రదర్శన మూడు రోజులు. బొమ్మల్ని నంబర్ల వరసలో పెట్టాలని సంఘం నియమం. లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా ఉన్న పెద్ద గోడకు, నాలుగు దీపాల వెలుగులో, మేష్టారి ఖాళీ అట్ట వేలాడుతోంది. ఏనుగు కోసం నేను హాలంతా రెండు మైళ్ళు నడిచాను. చిట్టచివర, మలుపు తిరిగాక, మంచినీళ్ళ క్యాన్లు పెట్టినచోట దొరికింది.

సంఘానికి కార్యదర్శి ఫల్గుణరావు గారు. మంచి మనిషి, ఇస్త్రీ మనిషి. ఆయన పెద్దగోడ దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకు వివరిస్తున్నాడు. "ఈ మూలలు చూడండి. ఈ తెలుపు చూడండి. నలభై ఆరేళ్ళయినా చెయ్యి తగిలిన గుర్తు లేదు."

"బొమ్మ ఏదండీ?" అని ఒకావిడ అడిగింది.

"మనం చూడాల్సింది బొమ్మ కాదమ్మా, అట్ట ఉన్న తీరు."

ఆవిడ తలూపి, ఆ తీరు పక్కన నిలబడి ఫొటో తీయించుకుంది.

కిరీటి నీళ్ళ క్యాన్ల దగ్గర కుర్చీలో ఏనుగుకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఆ బొమ్మకూ తనకూ పరిచయం లేనట్టు గోడమీది స్విచ్చులు లెక్కపెడుతున్నాడు. "పదండి మామ్మగారూ, మధ్యాహ్నం రైలుకు వెళ్ళిపోదాం. సోమరాజు గారిని తెచ్చి నీళ్ళ దగ్గర నిలబెట్టాను," అన్నాడు.

నేను సోమరాజు గారి ఏనుగుకు రంగు వేసినదాన్ని. రైలు ఎక్కుతానా? నీళ్ళు తాగడానికి వచ్చిన ప్రతివాడినీ పట్టుకున్నాను. సోమరాజు గారు ఒక్కో ఏనుగుకు నలభై గ్లాసుల టీ తాగేవారనీ, ఆ మరక ముప్పై తొమ్మిదో గ్లాసుదనీ చెప్పాను. ఊదారంగు వేలిముద్ర నాదేనని బొటనవేలు పెట్టి చూపించాను. ఆ మూల చిరిగింది ఎలుక కొట్టి కాదు, ఏనుగు గింజుకోవడం వల్ల అన్నాను. ఒక పెద్దాయన దాహం తీరకపోయినా నాలుగుసార్లు వచ్చాడు. ఆయనే నాలుగోసారి గ్లాసు పట్టుకుని అడిగాడు.

"అన్నీ చెప్పారు గానీ మామ్మగారూ, ఈ ఏనుగుకు ఐదు కాళ్ళున్నాయేం?"

చూశాను. ఉన్నాయి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా దగ్గర అబద్ధం నిండుకుంది.

కిరీటి వెనక్కి తిరిగాడు. ఈ అట్ట అతని ఇంట్లో నాలుగేళ్ళుంది. ఎండ తగలకుండా, గాలి తగలకుండా, చూపు కూడా ఎక్కువ తగలకుండా దాచుకున్నాడు. ఇప్పుడు లేచొచ్చి ప్లాస్టిక్కుకు ముక్కు ఆనించి చూశాడు. అతని బాధ ఒకటి చెప్పాలి. రెండేళ్ళుగా అతను గీసిన ఏనుగుల్లో ఒక్కటీ నేలమీద నిలబడలేదు. అన్నీ గాలి నింపిన సంచుల్లా తేలేవి. మేష్టారు వాటిని చూసి "మళ్ళీ" అనేవారు, అంతే.

"ఇదిగోండి," అన్నాడు పెద్దాయనతో, వేలితో చూపిస్తూ. "ముందు ఈ వెనక్కాలు ఇలా చాపి గీశారు. అప్పుడు ఏనుగు అలిసిపోయి ఆగినట్టుంటుంది. ఆయనకు నచ్చలేదు. తెల్లరంగుతో కప్పేసి, అదే కాలును మోకాలు దగ్గర వంచి పొట్టకిందికి తెచ్చారు. ఇప్పుడు చూడండి, ఒళ్ళంతా ముందుకు తోస్తోంది. గుమ్మం ఊడొచ్చేలా ఉంది. అచ్చులో ఇది కనిపించి ఉండదు. తెల్లరంగు పగిలింది గనక పాత కాలు బయటికొచ్చింది."

"అంటే, ఆయన ముందు తప్పు గీశారన్నమాట."

"తప్పు గీశారు," అన్నాడు కిరీటి. తన కొడుక్కి ఉద్యోగం వచ్చిందని చెప్పేవాడి గొంతు అది. "ఎక్కడ గీశారో, ఎలా దిద్దుకున్నారో రెండూ ఇక్కడే ఉన్నాయి. రెండేళ్ళుగా నేను వెతుకుతున్నది ఈ కాలేనండి."

ప్రదర్శన కరపత్రం ఒకటి తిరగేసి, జేబులో పెన్సిలు తీసి, రెండు ఏనుగులు గీశాడు: ఒకటి ఆగినది, ఒకటి తోసేది. రెండోది నిలబడింది. కాగితం బరువెక్కినట్టు అనిపించి నేను కింద చెయ్యి పట్టాను. పెద్దాయన వెళ్ళి తన వాళ్ళను పిలుచుకొచ్చాడు. వాళ్ళు ఇంకొందరిని పిలిచారు. రెండోరోజు సాయంత్రానికి నీళ్ళ క్యాన్ల దగ్గర మొదలైన వరస ప్రకాశం బ్యారేజీ దాటి ఆవలి ఒడ్డుకు చేరింది. కిరీటి గొంతు బొంగురుపోయింది గానీ, ఐదో కాలు దగ్గరికి రాగానే ప్రతిసారీ మళ్ళీ కొత్తగా లేచేది.

ఫల్గుణరావు గారు పరుగున వచ్చాడు. "కిరీటిగారూ, జనం దారికి అడ్డం పడుతున్నారు. దీన్ని పెద్దగోడకు మారుద్దాం. నియమం ఒప్పుకోదు కాబట్టి నంబరు మీదికి పూలదండ జార్చుదాం. మూడున్నర కనిపించకపోతే సభ్యులు ఊరుకుంటారు."

"గోడ మారిస్తే మార్చండి," అన్నాడు కిరీటి. "నంబరు కప్పొద్దు. ఐదో కాలు చూపించినందుకు వాళ్ళు వేసిన నంబరది. అది కనబడాల్సిందే."

కుర్చీలో ముడుచుకుని స్విచ్చులు లెక్కపెట్టిన మనిషి ఇతనేనా అని నేను ఇటు తిరిగి, అటు తిరిగి చూశాను. అలా ఏనుగు తన మూడున్నరతో సహా వెళ్ళి తొమ్మిది పాయింట్ ఎనిమిది పక్కన నిలబడింది.

మూడోరోజు మేష్టారు రైల్లో వచ్చారు. మిగతా అరవై ఆరు అట్టలనూ గ్రేడింగుకు పంపాలా అని అడుగుదామని, ఫల్గుణరావు గారు ఇచ్చిన ఫారాల కట్టతో కిరీటి గుమ్మం దగ్గరే ఎదురయ్యాడు. ఆయన అతన్ని దాటి నేరుగా ఏనుగు దగ్గరికి వెళ్ళారు. చేతులు వెనక్కి కట్టుకుని చూస్తూ ఉండిపోయారు. అడగడానికి కిరీటికి సందు దొరకలేదు.

ఫల్గుణరావు గారు శాలువా కప్పి, మైకు ఆయన చేతికిచ్చాడు. "ఈ ప్రదర్శనలో అన్నింటికన్నా పై నంబరు వచ్చిన అట్ట వీరిది. నలభై ఆరేళ్ళు ఇంత శుభ్రంగా ఎలా కాపాడారో మన సభ్యులకు చెప్పాలని కోరుతున్నాను."

సభ్యులు పుస్తకాలు తెరిచారు. కర్పూరమో వేపాకో అని నా పక్కవాళ్ళు గుసగుసలాడుకున్నారు. కిరీటి కూడా ఫారాల వెనక రాసుకోవడానికి పెన్సిలు తీశాడు.

మేష్టారు తన ఖాళీ అట్టవైపు తిరిగారు. "ఇది సోమరాజు గారు నాకిచ్చిన అట్ట. నా మొదటి కథ దీనిమీదే గియ్యమన్నారు. చెయ్యి ఇంకాస్త తిరిగాక గీద్దామనుకున్నాను. తరవాత నేను వేల పేజీలు గీశాను, వేరే కాగితాల మీద."

ఫల్గుణరావు గారు మర్యాదగా నవ్వి, "అది సరేనండి. మచ్చ పడకుండా దేంతో కాపాడారు?" అని అడిగాడు.

మేష్టారు మైకు ఆయనకు తిరిగి ఇస్తూ అన్నారు.

"భయంతో."